శుక్రవారం పలుగురాళ్ళు

గనుల శాఖ ఆఫీసులో మెట్ల కింద ఒక గది ఉండేది. గదికి కిటికీ ఒకటే, దానికి కమ్మీలు. శుక్రవారం పదింటి నుంచి ఒంటిగంట దాకా జనం రాళ్ళు పట్టుకుని ఆ కిటికీ ముందు వరసలో నిలబడేవాళ్ళు. బావి తవ్వుతుంటే దొరికిందని ఒకడు, పొలం దున్నుతుంటే తళుక్కుమందని ఇంకొకడు, తాతగారి పెట్టెలో అడుగున ఉందని మరొకావిడ. చేతిరుమాలు విప్పి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అందరూ అడిగేది ఒకటే మాట. "ఇది వజ్రమేనా అండీ?"

లోపల కూర్చున్నావిడ ఇరవై రెండేళ్ళుగా అందరికీ చెప్పేదీ ఒకటే మాట. "పలుగురాయి."

అందుకే ఆవిడకి పలుగమ్మ అని పేరు పడింది. ఎదురుగా మేడమ్, వెనక్కి తిరిగితే పలుగమ్మ. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. నలభై ఆరేళ్ళు వచ్చాయి, పెళ్ళి కాలేదు, తమ్ముడి ఇంట్లో వెనక గది ఆవిడది. ఇంతకంటే పెద్ద మాటలు విని ఊరుకున్న మనిషికి ఇదొక లెక్కా?

ఆవిడ సామాను కూడా అంతంతమాత్రమే. ఒక గాజు పలక, ఒక పాత చాకు, ఒక భూతద్దం, చుక్కలు వేసే సీసాలో పలచన చేసిన యాసిడ్. వజ్రం ఆశతో వచ్చినవాణ్ణి ఇంటికి పంపడానికి అంతకు మించి అక్కర్లేదు. రాయి అంచుతో గాజు మీద గీస్తే గీత పడాలి. చాకుతో రాయిని గీస్తే రాయికి ఏమీ కాకూడదు, పైగా చాకు ఇనుమే అరిగి దాని మీద నల్లగా అంటుకోవాలి. యాసిడ్ చుక్క వేస్తే నురగ రాకూడదు. విరిగిన చోట నున్నటి పలకలా కాకుండా, పగిలిన సీసా పెంకులా వంపు తిరిగి ఉండాలి. ఇవన్నీ కుదిరితే "పలుగురాయి, సాధారణం" అని చీటీ రాసి చేతిలో పెట్టేది. కుదరకపోతే ఆవిడ పని అక్కడితో సరి. కిటికీ పక్కన బోర్డు మీద ఆ రూలు రాసే ఉంది. పలుగురాయి అయితే ఇక్కడే చీటీ ఇవ్వబడును, ఇతర రాళ్ళు పై అంతస్తులో చూపవలెను.

పై అంతస్తులో పెద్దసారు ఉండేవారు. ఆయనకి చిక్కిన మనిషి గంటకు గానీ కిందికి దిగడు. రాయి సంగతి రెండు ముక్కల్లో తేల్చేసి, తను కుర్రతనంలో ఎక్కిన కొండలన్నీ వరసపెట్టి మళ్ళీ ఎక్కేవారు, వచ్చినవాణ్ణి కూడా వెంటబెట్టుకుని.

ఐదేళ్ళ కిందట ఒక శుక్రవారం ఒక బస్సు డ్రైవరు వచ్చాడు. ఏడో నంబరు బస్సు తోలుతాడు. యాభైకి అటూ ఇటూ వయసు, చెవుల దగ్గర నెరిసిన జుట్టు, మోచేతుల దాకా ఎండకి కమిలిన చేతులు. రెండు రాళ్ళు తెచ్చాడు, రెండూ తెల్లనివే. మొదటిది పలుగు. రెండోదాన్ని చాకు ఇట్టే గీసేసింది, యాసిడ్ చుక్క పడగానే బుసబుసా పొంగింది.

"ఇది పాలరాయి. పైకి వెళ్ళండి," అంది ఆవిడ.

గంటంపావు తర్వాత ఆయన దిగి వచ్చాడు. ముఖం వాడిపోయి ఉంది. "మీ సారు చాలా మంచివారండీ. కానీ ఇంకో కొండ మిగిలుందంటే ఇక భయమేసింది. ఈపాటికి బస్సు వెళ్ళిపోయుంటుందని ఒకటే కంగారు. మెట్ల సగంలో గుర్తొచ్చింది, తోలేది నేనే కదా అని."

ఆవిడ పకపకా నవ్వేసింది. ఆ కిటికీ వెనక ఎవరైనా నవ్వడం అంతకుముందు ఎరగని అటెండరు ఏమైందోనని తలుపులోంచి తొంగి చూశాడు.

తర్వాతి శుక్రవారం డ్రైవరు మళ్ళీ వచ్చాడు. ఈసారి ఒకటే రాయి. పలుగు. ఆ తర్వాతి వారం ఇంకొకటి. అదీ పలుగే. బస్సు ఆగిన చోటల్లా ఏదో ఒకటి ఏరుకొస్తాడు కాబోలు, చివరి స్టాపు వెనక కాలవ గట్టు మీదిదని, రోడ్డు వెయ్యడానికి పోసిన కంకరలోదని, బడి ముందు పిల్లలు ఆడి వదిలేసిందని చెప్పేవాడు. వరసలో ఎప్పుడూ చివరనే నిలబడేవాడు. వెనక ఎవరైనా వస్తే "మీరు కానివ్వండి, నాకేం తొందర లేదు" అని ముందుకు పంపేవాడు. తొందర లేని బస్సు డ్రైవరుని ఆవిడ అప్పుడే చూడటం.

"ఇదేంటండీ, పాలు పోసి గడ్డకట్టించినట్టు ఇంత తెల్లగా ఉంది?" అని ఒకసారి అడిగాడు.

"లోపల నీళ్ళున్నాయి. కంటికి ఆననంత చిన్న బుడగలు, లక్షల కొద్దీ. రాయి తయారయ్యేటప్పుడు అక్కడున్న నీళ్ళు అందులోనే చిక్కుకుపోయాయి. వెలుతురు వాటికి తగిలి చెదిరిపోతుంది, అందుకే తెలుపు."

"అంటే అప్పటి నీళ్ళే? ఇప్పటికీ?"

"అప్పటివే. రాయి పగిలితే తప్ప బయటికి రావు."

డ్రైవరు ఆ రాయిని అరచేతిలో పెట్టుకుని కాసేపు చూసి "పాపం" అన్నాడు. రాయిని చూసి పాపం అన్నవాణ్ణి కూడా ఆవిడ అప్పుడే చూడటం.

అలా వారానికొకటి చెప్పేది. పసుపుపచ్చగా ఉందంటే అది ఇనుము తుప్పు, పగుళ్ళలోకి దిగింది. పొగ పట్టినట్టుందంటే చుట్టూ ఉన్న బండల్లోంచి కంటికి కనబడని కిరణాలు లక్షల ఏళ్ళు తగిలి తగిలి అలా మసిబారింది. "పక్కవాళ్ళ ప్రభావం ఎవర్ని వదుల్తుంది లెండి" అనేవాడాయన. ఇంట్లో ఎవరెవరుంటారని ఆవిడ ఒకసారి, రిజిస్టరులో కాలమ్ ఉన్నట్టు నటిస్తూ, అడిగింది. "నేనూ, రేడియో. అది నా మాట వినదు, నేను దాని మాట వినను. గొడవల్లేవు" అన్నాడు. రిజిస్టరులో అలాంటి కాలమ్ లేదు. ఆవిడ ఊరికే కలం ఆడించింది.

"అసలు ఎక్కడ చూసినా ఈ రాయేనేంటండీ?" అని ఇంకో శుక్రవారం.

"కొండరాయిలో నాలుగైదు రకాలు కలిసి ఉంటాయి. ఎండకీ వానకీ మిగతావి మెత్తబడి మట్టయిపోతాయి. ఇదొక్కటే మిగిలి, వాగుల్లో దొర్లి దొర్లి ఇలా గుండ్రంగా అవుతుంది. ఇది దేంతోనూ కలవదండీ. అందుకే మిగిలింది." ఆ మాట అనేటప్పుడు ఆవిడ గొంతులో కాస్త గర్వం వినిపించింది.

"మిగలడం గొప్పేనంటారా?" అన్నాడు డ్రైవరు.

ఆవిడ చీటీ రాసి ఇచ్చేసింది. ఇంటికి వెళ్ళాక మాత్రం ఆ ప్రశ్న వెనక గదిలో ఆవిడతో పాటే వారం రోజులు కాపురం చేసింది.

ఇలా ఐదేళ్ళు. గురువారం సాయంత్రం ఇస్త్రీపెట్టె ప్లగ్గు పెడితే చాలు, వంటింట్లోంచి మరదలు అందుకునేది. "వదినా, రేపు శుక్రవారమా? మనింట్లో క్యాలెండరు దండగ, నీ చీర మడతలు చూస్తే వారం తెలిసిపోతుంది."

"నోర్ముయ్యి," అనేది ఆవిడ. కానీ మడత చెదరకుండా ఇంకోసారి ఇస్త్రీ చేసేది.

మరదలు ఊహించింది నిజమే. ఆ మనిషి మీద ఆవిడకి ప్రాణం. శనివారం నుంచి గురువారం దాకా ఉన్న ఆరు రోజులూ ఆవిడకి శుక్రవారానికి వెళ్ళే మెట్లు. ఒక వారం వానలకి బస్సులు ఆగిపోయి ఆయన రాకపోతే, ఆ రోజు వచ్చిన పదిహేడు మందినీ కసురుకుంది. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. ఒక్క మాట, చీటీ మీద పట్టని ఒక్క మాట ఆయనతో అనాలని ఉండేది. కిటికీకి కమ్మీలు, వెనక అటెండరు, బయట వరస. మాట నాలుక చివరిదాకా వచ్చి చాకూ యాసిడ్ల దగ్గరే ఆగిపోయేది.

ఆయనలో ఆవిడ పట్టుకున్న లోపం ఒకటే. మనిషి బంగారం, బుర్ర మాత్రం కాస్త మందం. ఐదేళ్ళు నూరిపోసినా పలుగురాయిని గుర్తుపట్టడం రాలేదు. ప్రతి వారం అదే రాయి, అదే అమాయకపు మొహం, "ఈసారైనా వేరేదంటారా?" అని అదే ప్రశ్న. ఆ మందబుద్ధికి ఆవిడ లోలోపల దణ్ణం పెట్టుకునేది. నేర్చుకున్నాడంటే ఇక రాడు కదా.

ఆ చైత్రంలోనో వైశాఖంలోనో అని చెప్పడం దండగ, ఆఫీసు ఉత్తర్వులకి రుతువులు ఉండవు. ఒక సోమవారం కాగితం వచ్చింది. రాళ్ళ పరీక్ష గది ఈ నెలాఖరుతో మూత. ఇకమీద ఎవరైనా రాయి చూపించుకోవాలంటే పోస్టులో ప్రధాన కార్యాలయానికి పంపుకోవాలి. పలుగమ్మని మూడో అంతస్తు రికార్డుల గదికి మార్చారు. అక్కడికి బయటివాళ్ళని రానివ్వరు.

మిగిలింది ఒక్క శుక్రవారం.

నాలుగు రాత్రులు ఆవిడకి సరిగ్గా నిద్ర పట్టలేదు. "మా ఇంటికి రండి" అనడానికి ఒక సాకు కావాలి. ఊరికే రమ్మని ఎలా అంటుంది? ఇరవై రెండేళ్ళు రూలు ప్రకారం బతికిన మనిషికి రూలు లేని మాట నోట రాదు. ఆలోచించి ఆలోచించి చివరికి ఒక ఉపాయం పన్నింది. పరీక్ష పెడుతుంది. ఐదు రాళ్ళు పళ్ళెంలో పోసి, పలుగేదో చెప్పమంటుంది. ఆయన ఎలాగూ తప్పుతాడు. అప్పుడు నవ్వి, "ఇలా అయితే లాభం లేదండీ, ఆదివారాలు మా ఇంటికి రండి, మొదట్నుంచీ నేర్పుతాను" అంటుంది. పాఠం పేరుతో పిలిస్తే తమ్ముడు కూడా కాదనలేడు. అద్దం ముందు ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు అప్పజెప్పుకుందో మరదలికే తెలియాలి, తలుపు సందులోంచి చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది కాబట్టి.

శుక్రవారం డ్రైవరు ఎప్పటిలాగే చివరగా వచ్చాడు. పొగరంగు రాయి ఒకటి కమ్మీల్లోంచి జరిపాడు. ఆవిడ దాన్ని ముట్టుకోలేదు.

"ఇవాళ్టితో ఈ గది మూసేస్తున్నారు," అంది.

ఆయన చెయ్యి కమ్మీ మీదే ఉండిపోయింది. "మూసేస్తే... మీరు?"

"పైన రికార్డుల్లో వేశారు. అక్కడికి ఎవర్నీ రానివ్వరు." ఆవిడ బల్ల కింది నుంచి ఒక పళ్ళెం తీసింది. "పోయేముందు మీకో పరీక్ష. ఇన్నేళ్ళు చెప్పింది ఏమైనా బుర్రకెక్కిందో లేదో చూడాలి." పళ్ళెం ముందుకు తోసింది. అందులో ఉన్నవన్నీ తెల్లటివో, తెలుపుకి దగ్గరవో. రెండు పలుగులు, ఒక పాలరాయి, గాజును గీసి మరీ మనిషిని మోసం చేసే, పలకలుగా విరిగే లేత గులాబీ రాయి ఒకటి, ఏటిలో అరిగిన గాజుముక్క ఒకటి. చదువుకున్న కుర్రాళ్ళే తడబడే పళ్ళెం.

డ్రైవరు పళ్ళెం వంక చూడలేదు. ఆవిడ వంక చూశాడు. ఇన్నాళ్ళ మీ కష్టం వృథా పోలేదని, మీరు చెప్పిన ప్రతి ముక్కా దాచుకున్నానని ఆఖరి రోజైనా ఆవిడకి చూపించాలనుకున్నాడు కాబోలు. చాకు అడగలేదు, గాజు అడగలేదు. ఒక్కొక్క రాయినీ వెలుతురు వైపు తిప్పి, బొటనవేలితో నిమిరి పక్కన పెట్టాడు.

"ఇదీ, ఇదీ పలుగు. ఇది పాలరాయి, చేతికి మెత్తగా తెలుస్తోంది. ఇది గాజుని గీస్తుంది గానీ చూడండి, ఈ పక్క పలకలా తళుక్కుమంటోంది, కాబట్టి కాదు. ఇదేమో సీసా ముక్క, లోపల గుండ్రటి గాలిబుడగ ఉంది." రెండు నిమిషాలు కూడా పట్టలేదు. తలెత్తి, మొదటి మార్కు వచ్చిన పిల్లాడిలా నవ్వాడు.

పలుగమ్మ, ఆయన తప్పితే ఏమనాలో నాలుగు రోజులు వల్లె వేసింది గానీ, ఒప్పయితే ఏమనాలో ఒక్క క్షణం కూడా అనుకోలేదు. దాని వెనకే ఇంకో ఆలోచన పొడుచుకొచ్చింది. ఇతనికి అన్నీ తెలుసు. ఎప్పట్నుంచో తెలుసు. తెలిసీ, ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య పొద్దుపోక, పలుగమ్మ పలుగమ్మా అని జనం నవ్వే మనిషి దగ్గరికొచ్చి తనూ కాసేపు ఆడుకుని వెళ్ళాడన్నమాట. పళ్ళెం విసురుగా లోపలికి లాక్కుంది.

"అయితే ఇక మీకు నాతో పని లేదు," అంది.

ఆయన నవ్వు అలాగే కాసేపు ఉండి, మెల్లగా పోయింది. "అంతేనంటారా?"

"అంతే కదా. అన్నీ వచ్చేశాక ఇంకేముంది?"

"సరేనండీ," అన్నాడు డ్రైవరు. పొగరంగు రాయికి చీటీ కూడా అడగలేదు.

ఆయన గేటు దాటాడో లేదో ఆవిడ నాలుక కరుచుకుంది. కానీ లేచి పరిగెత్తలేదు. ఇరవై రెండేళ్ళలో ఒంటిగంట కొట్టకుండా ఆ కుర్చీలోంచి లేచిన మనిషి కాదు. గోడ గడియారం వంక చూస్తే ఇంకా పద్దెనిమిది నిమిషాలుంది. కూర్చుంది. ఒంటిగంటకు లేచి వెళ్తే రోడ్డు మీద ఎవరూ లేరు.

తర్వాతి మూడు శుక్రవారాలూ మూడో అంతస్తులోంచి ఏదో ఒక ఫైలు వంకతో కిందికి దిగి, తాళం వేసిన గది ముందు తచ్చాడింది. కళ్ళు కాయలు కాచాయి గానీ ఆయన రాలేదు. ఇంట్లో గురువారాలు ఇస్త్రీపెట్టె బయటికి రాలేదు. మరదలు కూడా వేళాకోళం మానేసింది. అదే ఎక్కువ బాధగా ఉంది.

"వెళ్ళి కనుక్కోరాదూ వదినా," అంది ఒకరోజు, గిన్నెలు తోముతూ, ఆవిడ వైపు తిరక్కుండానే. "బస్సేగా. ఎవరైనా ఎక్కొచ్చు."

నాలుగో శుక్రవారం ఆవిడ ఉద్యోగంలో చేరాక మొదటిసారి జబ్బు లేకుండా సెలవు పెట్టింది. ఏడో నంబరు బస్సు ఎక్కి డ్రైవరు వెనక సీట్లో కూర్చుంది. స్టీరింగు ముందు ఎవరో పాతికేళ్ళ కుర్రాడు. టికెట్టు చివరి స్టాపు దాకా తీసుకుంది. ఏం చెయ్యాలో తోచక అటూ ఇటూ చూస్తుంటే డ్రైవరు పక్కనున్న కిటికీ అద్దం కంటబడింది.

కింది మూల అంతా తెల్లగా ఉంది. మాసిందేమో అనుకుంది. ముందుకు వంగి చూస్తే గీతలు. సన్నవి, లావువి, ఒకదాని మీద ఒకటి, జానెడు మేర అద్దం కనబడనన్ని గీతలు. ఏ గీత ఎలా పడుతుందో చూడగానే చెప్పగలిగిన మనిషి ఆ బస్సులో ఆవిడొక్కతే.

"ఈ అద్దం ఏమైంది బాబూ?" అని అడిగింది.

"ఏం చెప్పమంటారు ఆంటీ, నాకంటే ముందు దీన్ని తోలిన పెద్దాయన చేసిన ఘనకార్యం," అన్నాడు కుర్రాడు, గేరు మారుస్తూ. "రాళ్ళ పిచ్చి ఆయనకి. బస్సాగితే చాలు దిగి ఒకటి ఏరుకురావడం, ఇక్కడ గీకడం. గీత పడకపోతే బయటికి విసిరేసేవాడు. గీత పడితే తిప్పి తిప్పి చూసుకుని జేబులో వేసుకునేవాడు. నేను ఆయన దగ్గరే పని నేర్చుకున్నాలెండి. ఒకసారి అడిగా, ఎందుకు బాబాయ్ ఇంత పరీక్ష, ఏదో ఒకటి పట్టుకెళ్ళొచ్చుగా అని. ఏమన్నాడో తెలుసా? పలుగు కాకపోతే ఆవిడ నన్ను పైకి పంపించేస్తుందిరా అన్నాడు."

ఎవరావిడ అని కుర్రాడికి తెలియదు, అడగలేదు కూడా. అద్దం మీది గీతలు కళ్ళ ముందు అలుక్కుపోయాయి. మందబుద్ధి. ఐదేళ్ళు ఎవరిది మందబుద్ధి? వారమంతా రోడ్ల వెంట ఏరి, గీసి, పారేసి, మళ్ళీ ఏరి, పది నిమిషాలు ఆ కిటికీ దగ్గర నిలబడటం కోసం ఒక్క పలుగురాయిని పట్టుకొచ్చిన మనిషిని పట్టుకుని నాతో పని లేదంది. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని బస్సులో అందరి ముందూ ఏడ్చింది. ఎవరైనా చూస్తారేమోనన్న ధ్యాస కూడా లేదు.

"ఇప్పుడెక్కడున్నారు ఆయన?" అని అడిగింది చివరికి.

"నెల కిందట బదిలీ పెట్టుకుని వెళ్ళిపోయాడాంటీ. ఉన్నపళంగా. ఎక్కడికో నాకు తెలీదు, డిపోలో అడగాలి."

డిపోలో పొడవాటి వసారా, డీజిలు వాసన, ఒక మూల టైర్ల గుట్ట. ఒక గది కిటికీకి కమ్మీలు, కమ్మీల వెనక గుమాస్తా. బయట వరస. ఆవిడ చివర నిలబడింది. ఇరవై రెండేళ్ళు లోపలివైపు కూర్చున్న మనిషికి బయటివైపు ఎంత సేపు నిలబడాలో, కాళ్ళు ఎలా పీకుతాయో ఆ రోజు తెలిసింది. తన వంతు వచ్చాక ఏడో నంబరు బస్సు, నెల కిందటి బదిలీ, ఏ డిపోకి వెళ్ళారో అడ్రసు కావాలని అడిగింది.

గుమాస్తా తలెత్తకుండానే చెప్పాడు. "మా వాళ్ళ వివరాలు ఎవరికి పడితే వాళ్ళకి ఇవ్వమమ్మా. రూలు ఒప్పుకోదు. బంధువులైతే ఈ ఫారం నింపి ఇవ్వండి."

ఫారంలో పేరు, చిరునామా రాసింది. మూడో గడి దగ్గర కలం ఆగింది. రూలంటే ఏమిటో ఆవిడకి ఒకరు చెప్పాలా? బంధుత్వం అని ఉన్న చోట చెల్లెలు అని రాస్తే పనైపోతుంది. వదిన అని రాసినా ఎవరూ తనిఖీ చెయ్యరు. కానీ ఉన్నదాన్ని ఉన్నట్టు రాయడం తప్ప ఆవిడకి ఇంకోటి చేతకాదు. గడి ఖాళీగా వదిలేసి ఫారం లోపలికి జరిపింది.

గుమాస్తా చూసి, కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "ఇది నింపలేదేంటి? ఆయన మీకేమవుతారు?"

వెనక ఎవరో తొందరపెడుతున్నారు. ఆవిడ రెండు చేతులతో కమ్మీలు పట్టుకుంది.

"ఇంకా ఏమీ కారండీ," అంది. "అందుకే వెళ్ళాలి."